అద్దాల బోగీలో మెడదిండు

రంగన్నను చంపినవాళ్లు తుపాకీ వాడలేదు. కొడవలి వాడారు, అదీ అతనిదే. హొళగుంద దగ్గర నాలుగెకరాల పత్తి విత్తన క్షేత్రానికి కాపలాదారూ మేస్త్రీ రెండూ రంగన్నే. అతన్ని చంపాక గోదాముకూ చేనుకూ నిప్పు పెట్టారు. రెండు వానలు పడితే చాలు, కాయ నిలబెట్టుకునే పత్తి అది. తొమ్మిదేళ్ల కష్టం గంటలో బూడిదైంది. తొలి తీతలో వచ్చిన, గింజ ఇంకా వేరుచెయ్యని అరకిలో పత్తిని మాత్రం ముందే ఎత్తుకుపోయారు. భూమ్మీద ఆ విత్తనం ఇక మిగిలింది అంతే.

హైదరాబాద్ ఆఫీసులో చీఫ్ హరికృష్ణ నాలుగు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు. ఆపరేషన్ పేరు 'పూత'. పని విదేశీ ముఠాది. గింజ దేశం దాటితే పేటెంట్ వాళ్లది, మన రైతు తన విత్తనాన్నే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి. గుంతకల్లు నుంచి గుంటూరు పోయే రైలుకు కొత్తగా ఒక అద్దాల బోగీ తగిలించారు. కొండలు చూడ్డానికి వచ్చే టూరిస్టుల కోసం. రేపు పొద్దున ముఠా మనిషి మార్టిన్ అందులో ఎక్కుతాడు. నల్లమల దారిలో ఎక్కడో గింజ అతని చేతికి అందుతుంది. దిగువమెట్ట స్టేషన్‌లో అతని కోసం కారు కాచుకుని ఉంటుంది. ముఠాలో మనకు సమాచారం ఇచ్చే రాణి కూడా అతని పక్క సీట్లోనే ఉంటుంది.

"సీనరీ అదిరిపోతుందట. ఎంజాయ్ చెయ్," అన్నాడు చీఫ్ చివర్లో.

ఏజెంట్ మల్లేశ్వరికి ఒళ్లు మండింది. ఆ సీనరీ దారి ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు వాన మొహం చాటేసిన ప్రతి ఏడూ అమ్మానాన్నలతో ఆ దారినే గుంటూరు మిరప కోతలకు వలస పోయేది. సుగ్గికి పోవడం అంటారు దాన్ని ఆ ఊళ్లల్లో. జనరల్ బోగీలో మూటల మీద కూర్చున్న పిల్లకు కొండలు ఎక్కడ కనపడతాయి? నిలబడ్డ పెద్దవాళ్ల కాళ్లు కనపడతాయి. పదిహేనేళ్ల వయసులో రంగన్న ఆమెకు పత్తి క్రాసింగ్, అంటే ఒక రకం పువ్వుకు మరో రకం పుప్పొడి రుద్దడం, నేర్పాడు. బొటనవేలి గోరు పెంచి, దాంతో మొగ్గ రేకులు ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులు గీకెయ్యాలి. ట్రైనింగ్ క్యాంపులో ఆ గోరు కత్తిరించమని ఆఫీసర్లు ఎంత చెప్పినా ఆమె వినలేదు.

మర్నాడు గుంతకల్లులో ఆమె టీలు అందించే యూనిఫాంలో అద్దాల బోగీ ఎక్కింది. చెవిలో ఇయర్‌పీస్, ఫ్లాస్క్ మూతలో కెమెరా. రాణిని గుర్తుపట్టడం కష్టం కాలేదు. నల్ల కళ్లద్దాలు, గోధుమరంగు సిల్కు చీర, మెడచుట్టూ బూడిదరంగు మెడదిండు. బోగీలో సగంమంది మగవాళ్లు కిటికీ మానేసి ఆమెనే చూస్తున్నారు.

"సొరంగంలో సిగ్నల్ ఉంటుందా?" అంది రాణి.

"దాటాక చూద్దాం మేడమ్."

కోడ్ సరిపోయింది. ఖాళీ కప్పుతోపాటు ఒక టిష్యూ మల్లేశ్వరి చేతికి వచ్చింది. దానిమీద 'కాశప్ప. జనరల్ బోగీ. గింజ మూటలో' అని రాసుంది.

మల్లేశ్వరి చీఫ్‌కు కబురు పంపింది. నంద్యాలలో రైలు ఆపించి, జనరల్ బోగీ మొత్తాన్నీ ప్లాట్‌ఫాం మీదికి దింపమని చీఫ్ రైల్వే పోలీసులకు ఆర్డర్ వేశాడు. కౌతాళం, హొళగుందల నుంచి సుగ్గికి పోతున్న అరవై మంది దిగారు. మూటలు విప్పారు. జొన్నరొట్టెలు, చింతపండు, సత్తు గిన్నెలు, ఒక చిరిగిన బైబిలు, అన్నీ నేలమీద పరిచారు. అద్దాల బోగీలోంచి టూరిస్టులు ఫోన్లలో వీడియోలు తీశారు. మల్లేశ్వరి మార్టిన్ గుర్తుపట్టకుండా పోలీసు కోటూ మాస్కూ తొడుక్కుని, వాళ్ల స్కానర్ పట్టుకుని కాశప్ప ముందు కూర్చుంది. రంగన్న చేలో తనతోపాటు పని చేసిన ముసలాయన. మాస్కు ఉన్నా ఆమెను గుర్తుపట్టాడు, కానీ పేరు పెట్టి పిలవలేదు.

"రొట్టెలు ఇరగ్గొట్టొద్దు పాపా. నాలుగు దినాలు అవే తినల్ల," అన్నాడు.

ఏమీ దొరకలేదు. ఆమె రొట్టెలను తిరిగి మూటలో సర్దింది. కోపం ఎవరిమీదో ఆమెకే తెలియలేదు. చీఫ్ మీద, ఫోన్ల మీద, ఆ స్కానర్ పట్టుకున్న తన చేతిమీద. ఒక్క టూరిస్టు బ్యాగు కూడా ఎవరూ తెరవమనలేదు కదా అన్నది అప్పుడే తట్టింది.

రైలు కదిలింది. టేకుచెట్లు మొదలయ్యాయి. కొండలు రెండువైపులా దగ్గరికి వచ్చాయి, లోయలో వాగు మెరిసింది, బోగీ అంతా కేరింతలు. మార్టిన్ పైఅద్దంలోంచి ఆకాశాన్ని ఫొటో తీస్తున్నాడు. మల్లేశ్వరి టీ పోస్తూ వంగి, సమాచారం తప్పయిందేమో అని రాణిని మెల్లగా అడిగింది.

"తప్పే లేదు," అంది రాణి. "నా కళ్లతో చూశాను. సాయంత్రం ఆరు. రంగన్న పూలకి పుప్పొడి రుద్దుతున్నాడు. వెనకనుంచి కాశప్ప వచ్చాడు."

మల్లేశ్వరి పోస్తున్న కప్పు నిండి పొర్లింది. సారీ చెప్పి తుడిచింది. క్రాసింగ్ చేలో సాయంత్రం మొగ్గ ఒలుస్తారు, అంతే. పుప్పొడి రుద్దేది మర్నాడు పొద్దున, ఎండ ముదరకముందు. పొద్దుగూకేవేళ పుప్పొడి రుద్దాడంటే హొళగుందలో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. రంగన్న ఆ పని చేస్తుండగా రాణి చూడలేదు. ఎక్కడో చదివింది ఒప్పజెప్పింది. కూలీ పేరు ఒకటి కావలసివచ్చి కాశప్పను ఎంచుకుంది. పేదవాడి పేరు చెబితే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరని ఆమెకు బాగా తెలుసు.

ఇక ఆ మెడదిండు. గుంతకల్లు నుంచీ మెడకు ఉంది, ఒక్కసారైనా రాణి దానిమీద తల వాల్చలేదు. గింజ తియ్యని పత్తితో కుట్టిన దిండు మీద పత్తి పండించే ఆదోని మనిషెవడూ తల పెట్టడు. గింజలు గుచ్చుకుంటాయి.

"థ్రిల్ కోసం లైట్లు ఆర్పుతున్నాం," అని మైకులో ఎవరో ఉత్సాహంగా చెప్పారు. ముందు పెద్ద సొరంగం. అది దాటితే దిగువమెట్ట ఎంతో దూరం లేదు. పోలీసులను పిలవబోతే ఇయర్‌పీస్‌లో సిగ్నల్ చచ్చిపోయింది.

చీకటి కమ్మింది. అందరూ అరిచారు. మల్లేశ్వరి సీటు చేత్తో తడుముకుని ముందుకు దూకింది. మెత్తటి గుడ్డ తగిలింది, ఆ వెంటనే అవతలనుంచి ఒక బలమైన చెయ్యి దాన్ని లాగింది. మార్టిన్. పక్కటెముకల మీద ఏదో సూది మొన ఆనింది. రాణి.

"వదిలెయ్. ఒక్క చుక్క విషం చాలు నీకు," అంది రాణి చెవిలో.

మల్లేశ్వరి వదల్లేదు. రెండో చేతిలో ఫ్లాస్క్ ఉంది. ఆఫీసు లక్షలు పోసి కెమెరా బిగించిన ఫ్లాస్క్. మూత పళ్లతో ఊడబెరికి పొగలు కక్కే టీ మొత్తం సూది ఉన్న చేతిమీద కుమ్మరించింది. రాణి కేక బోగీ కేకల్లో కలిసిపోయింది. ఖాళీ ఫ్లాస్క్‌తో మార్టిన్ మణికట్టు మీద ఒక్కటిచ్చి, దిండు కుట్టులో బొటనవేలి గోరు దింపి మొగ్గ ఒలిచినట్టు బర్రున చీల్చింది.

వెలుతురు వచ్చేసరికి ఆమె ఒళ్లో పత్తి, పత్తిలో నల్లటి గింజలు. రాణి సిల్కు చీర తడిసి ముద్దయింది. మార్టిన్ తలుపు వైపు పరుగెత్తాడు. టూరిస్టులు దారికడ్డంగా నిలబడి వీడియో తీస్తుండటంతో ఎటూ పోలేకపోయాడు. వాళ్లవల్ల ఆరోజు జరిగిన మంచి అదొక్కటే. సొరంగం దాటాక మల్లేశ్వరి పిలిచిన పోలీసులు దిగువమెట్టలో ఇద్దరికీ బేడీలు వేశారు.

చీఫ్ ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పాడు. మిగతా ప్రయాణం అద్దాల బోగీలో హాయిగా చెయ్యమన్నాడు. అరవై మందికీ ఎవరు క్షమాపణ చెబుతారని ఆమె అడిగింది. అది ప్రోటోకాల్‌లో లేదన్నాడు. ఆమె ఫోన్ కట్ చేసి, చిరిగిన దిండు పట్టుకుని జనరల్ బోగీకి నడిచింది.

కాశప్ప మరుగుదొడ్డి తలుపు పక్కన మూట మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాది పెద్దనాయినా," అంది మల్లేశ్వరి. "నీ మూట విప్పినందుకు. రంగన్నను చంపించినోళ్లు దొరికినారు."

ముసలాయన దిండులో చెయ్యి పెట్టాడు. చిటికెడు పత్తి తీసి రెండు బొటనవేళ్ల మధ్య లాగి, పోగు పొడవు చూశాడు. ఒక గింజను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో దొర్లించాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇది మొలిస్తే సుగ్గికి పోయే పని లేదు," అన్నాడు. "అప్పుడొకసారి ఊరికే ఈ రైలెక్కుతా. ముప్పై ఏండ్లుగా పోతాండాము, ఈడ కొండలుండాయని ఇనడమే గానీ సూసింది లేదు."

"అద్దాల బోగీలోనే ఎక్కిస్తా."

కాశప్ప తాను కూర్చున్న మూటను తట్టాడు.

"అది సరే పాపా. ఆడ మూటలు యాడ పెట్టుకునేది?"