పటంలోంచి మాయమైన పదకొండు శాఖలు

"మా పదకొండు శాఖలు ఎక్కడికి పోయాయి?"

వాలంటీర్ల కోఆర్డినేటర్ గొంతు వినగానే ఆఫీసులో నలుగురూ తమ తమ కంప్యూటర్లలో తలలు దూర్చేశారు. డిజైనర్ మాత్రం తలెత్తి నవ్వాడు. ఆ నవ్వు బాగుంటుందన్న సంగతి ఆమెకి మూడు నెలలుగా తెలుసు. ఇవాళ మాత్రం దాని పప్పులు ఉడకవు.

"ఎక్కడికీ పోలేదండీ. మ్యాప్ క్లీన్‌గా ఉంటుందని, ఐదుగురి కంటే తక్కువ సభ్యులున్నవాటిని పక్క శాఖల్లో కలిపేశాను."

"నన్నడక్కుండానా?"

"డిజైన్ విషయమే కదా అని..."

"ఆ మ్యాప్‌లో ఒక్కో శాఖకి పెట్టిన చుక్క వెనక ఎండలో తిరిగే మనిషి ఉన్నాడు, తెలుసా మీకు?"

వాళ్ళ సంస్థ చేసే పని పైకి గొప్పగా కనిపించదు. ఏ బస్‌స్టాపులో నీడ ఉంది, ఏ క్లినిక్ ఎప్పుడు తెరుస్తారు, ఏ కుళాయిలో నీళ్ళొస్తున్నాయి లాంటి వివరాలు వాలంటీర్లు సేకరిస్తారు. అవన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వెబ్‌సైట్‌లో పెడతారు. ఆమె రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి ముప్ఫై రెండు శాఖలు నిలబెట్టింది. పొద్దున కొత్త వెబ్‌సైట్ తెరుచుకుంది. మధ్యాహ్నానికి పదకొండు చోట్ల నుంచీ ఒకటే మెసేజ్: మేం లెక్కలో లేనప్పుడు ఇంకెందుకు, మానేస్తాం. వాళ్ళు మానేస్తే శివార్ల వివరాలన్నీ ఆగిపోతాయి. ఆమె కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

అతను మెసేజ్‌లన్నీ చదివాడు. నవ్వు ఎగిరిపోయింది.

"తప్పు నాదే," అన్నాడు నసగకుండా. "చుక్కలు గంటలో తిరిగొస్తాయి. క్షమాపణ మాత్రం ఈమెయిల్‌లో చెప్పను, వెళ్ళి చెప్తాను. అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్నదెవరు?"

ఆ మాట ఆమెకి నచ్చింది. బాగా నచ్చింది. అయినా కోపాన్ని అంత చవగ్గా వదులుకునే రకం కాదు.

"ఒకే ఒక్క సభ్యుడున్న శాఖ ఉంది. రిటైరైన బస్సు డ్రైవరు గారు. రేపు పొద్దున్నే ఎనిమిదింటికి."

ఆ డ్రైవరు గారు తన కన్నతండ్రే అన్న ముక్క చెప్పలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. కూతురి కోసం చేస్తున్నాడని అనిపించుకోవడం ఆయనకిష్టం లేదు.

మర్నాడు ఒకటే వాన. మొదటి స్టాపులో గొడుగూ నోట్‌బుక్కూ పట్టుకుని ఆయన సిద్ధంగా ఉన్నారు.

"సార్, వీరే మన డిజైనర్ గారు," అంది ఆమె. కూతురి నోట 'సార్' వినగానే ఆయన మీసాల చాటున నవ్వుకున్నారు.

"క్షమించండి సార్. అడక్కుండా మీ శాఖని తీసేశాను."

"ఒక్కడే ఉన్నాడు, వీడేం శాఖలే అనుకున్నావా బాబూ?"

"అనుకున్నానండీ."

ఆయన ఎగాదిగా చూశారు. "నేను ఒక్కణ్ణే ఎందుకో తెలుసా? నాతో వచ్చినవాళ్ళు రెండో స్టాపుకే పారిపోతారు. కూర్చోకుండా బెంచీ బాగుందని రాయను. బస్సు వచ్చేదాకా ఉండకుండా బస్సు ఆగుతుందని రాయను. ఇవాళ నాలుగు స్టాపులున్నాయి. ఉంటావా?"

"ఉంటానండీ."

ఉన్నాడు. మొదటి స్టాపులో బెంచీ తడి. రెండో దాంట్లో కప్పు కారి నీళ్ళు సరిగ్గా అతని మెడ మీద పడ్డాయి. బస్సు ముప్పావుగంట ఆలస్యం. అతను కదల్లేదు. 'ఎడమ వైపు కూర్చోవద్దు' అని శ్రద్ధగా రాసుకున్నాడు. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంటే, చూడకూడదనుకుంటూనే ఆమె నాలుగుసార్లు చూసింది.

మూడో స్టాపులో ఆమె టీ తేవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి వాన చప్పుడులో అతనికి ఆమె అడుగులు వినపడలేదు.

"కోఆర్డినేటరమ్మ నిన్ను బాగా తిట్టిందటగా?" అంటున్నారు తండ్రి.

"ఉతికి ఆరేసిందండీ."

"కోపం రాలేదూ?"

"ఎందుకండీ? తనవాళ్ళ కోసం పోట్లాడింది. అలాంటి మనిషి జీవితాంతం పక్కనుంటే ఎంత బావుణ్ణో అనిపించింది." అనేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు.

ఆయన నోట్‌బుక్కు మూశారు. "ఈ సంగతి ఆ అమ్మాయికి తెలుసా?"

"వచ్చేవారం చెప్దామనుకుంటున్నానండీ. ముందు మీరందరూ తిరిగి రావాలి. చేసిన తప్పు దిద్దుకోకుండా ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నేను వచ్చేసినట్టే. రేపు ఇంకో ఐదు స్టాపులు చూడాలి. ఇక వచ్చేవారం దాకా ఎందుకు? మా అమ్మాయి నీ వెనకే ఉంది. టీ చల్లారిపోతోంది."

అతను దిగ్గున లేచాడు. తండ్రినీ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ... అమ్మాయా?"

ఆమె ముందుకొచ్చింది. టీ కప్పు అతని చేతికి అందించింది.

"వచ్చేవారం మీ మాట మీరు చెప్పండి. నా మాట ఇవాళే చెప్తున్నా. నాకూ మీరంటే ఇష్టం. చాలా ఇష్టం."

"మీ నాన్నగారి ముందేనా!"

"నేను బస్సు కోసం చూస్తున్నాను బాబూ, నాకేం వినపడలేదు," అన్నారు ఆయన రోడ్డు వైపు తిరిగి. మళ్ళీ ఇటు తిరిగి, "ఉండమంటే పారిపోకుండా ఉన్నావు. నాకది చాలు," అన్నారు.

బస్సొచ్చింది. టైము రాసుకుని, నాలుగో స్టాపు తానే చూసుకుంటానంటూ ఆయన ఎక్కేశారు.

"ఇంకా పది శాఖలకి క్షమాపణ చెప్పాలి," అంది ఆమె.

"ముందే ఒక్క మాట చెప్పండి. వాటిల్లో మీ బంధువులు ఇంకెవరైనా ఉన్నారా?"

"మా మేనత్త ఉంది. ఆవిడ ముందు మా నాన్న పిల్లి."

అతను టీ గటగటా తాగేసి గొడుగు తెరిచాడు. "అయితే ముందు ఆవిడ దగ్గరికే పదండి."