ముందు సీటు కింద సుద్దగీత

ఉదయపుటెండ ఇంటి ముందరి గచ్చు మీదికి వాలేసరికే పెయింటరు చేతిలో గరుకు కాగితం ఉంది. కార్లకు రంగులు వేసే షెడ్డులో నలభై ఏళ్లు పనిచేసి మూడేళ్ల క్రితం విరమించిన ఆయనను వీధివాళ్లు ఇప్పటికీ పెయింటరనే పిలుస్తారు. ఎదుట నిలిచిన నీలంరంగు కారు వయసు ఇరవై రెండేళ్లు. బానెట్ అంచున మూడు, చక్రం మీది వంపులో రెండు, తలుపు అడుగున ఒకటి, వెరసి ఆరు తుప్పు మచ్చలు. ఒక్కటీ చిటికెన వేలి గోరుకు మించదు. అయినా వచ్చే శుక్రవారం జరగబోయే తనిఖీలో అవి అధికారి కంటబడితే కారు తుక్కు కిందికి పోతుంది. కారు పోతే ఆయన భార్యకు ఇల్లు కదిలే దారి ఉండదు. చక్కెర వ్యాధి పదేళ్లుగా ఆమె పాదాల్లోని స్పర్శను కొద్దికొద్దిగా హరిస్తూ వచ్చింది. ప్రతి బుధవారం ఆమెను చెల్లెలి ఇంటికి తీసుకువెళ్లి తీసుకువచ్చేది ఆ కారే.

ఆయన పనికి ఒక క్రమం ఉంది. మచ్చను సబ్బునీళ్లతో కడిగి, తడి ఒత్తి, చుట్టూ టేపు అంటించి, ముందు గరుకు కాగితంతోనూ ఆపైన మెత్తని కాగితంతోనూ రుద్దుతాడు. గోధుమవన్నె పూర్తిగా తొలగి రేకు వెండిలా మెరిసిన తర్వాత కళ్లు మూసుకుని వేలికొనలతో అంచులు తడుముతాడు. రంగుకూ రేకుకూ మధ్య మెట్టు వేలికి తగిలిందా, పని మళ్లీ మొదటికి వచ్చినట్టే. షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆయన చెప్పిన పాఠం ఒకటే: "పైకి ఆవగింజంత కనబడిందంటే లోపల అరచేతంత ఉంటుంది. మంచి రేకు తగిలేదాకా గీకండి. తుప్పు మీద రంగేసి ఇచ్చేవాణ్ణి నా దగ్గర ఉండనివ్వను."

భార్య కాఫీ గ్లాసుతో మెల్లగా గుమ్మం దాటి వచ్చింది. ఎండాకాలమైనా కాళ్లకు మేజోళ్లు ఉన్నాయి.

"ఏమండీ, కాఫీ. ఒక్కసారి నా కాలు చూస్తారా? బొటనవేలి కింద ఏదో చెమ్మగా ఉంటోంది. వంగినా నాకు కనబడి చావదు."

ఆయన చక్రం పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. "చూస్తాలే. ఈ ప్రైమరు ఆరేలోపల రెండోది గీకెయ్యాలి. ఇదొక్కటి అయిపోనీ."

"నిన్నా ఇదే మాటన్నారు."

"నిన్నటి మచ్చ వేరు, ఇది వేరు."

"మీకు మచ్చలకి కరువా!" అని నవ్వి, గ్లాసు గోడ మీద పెట్టి ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆయన తల ఎత్తి చూడలేదు.

పక్కింటి ప్రహరీ మీదుగా విశ్రాంత బస్సు కండక్టరు తొంగిచూశాడు. "ఏమయ్యా పెయింటరూ! కారుకి నువ్వూ, ఒంటికి మీ ఆవిడా పోటీలు పడి పూస్తున్నారేమిటి? ఆవిడ ఇటు వస్తే చాలు, వీధి వీధంతా పౌడరు ఘుమఘుమలే!"

"నీ ముక్కుకి పనేం లేదుగా, వాసనలు చూసుకుంటూ కూర్చో," అని పెయింటరు నవ్వాడు. నవ్వాడే గాని, ఆయనకు ఏ ఘుమఘుమలూ తెలియలేదు. ముప్పై ఏళ్ల కిందటే, రంగును పలచన చేసే తిన్నరు ఆవిర్లు ఆయన ముక్కును చంపేశాయి. తిన్నరు కారుతుంటే పసిగట్టలేనివాణ్ణి రంగులు కలిపే గదిలో ఉంచరు గనుక, ఆ సంగతి ఆయన భార్యకు తప్ప మరెవరికీ చెప్పలేదు. పాలు విరిగాయో లేదో, గ్యాసు లీకవుతోందో లేదో, ఆ ఇంట్లో ఇద్దరికీ ఆమె ముక్కే దిక్కు.

ఆ రోజుల్లో ఆయనను వేధిస్తున్నది ఆరు మచ్చలు కాదు, ఏడోది. నెల కిందట డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట, కార్పెట్టు మీద అరచేతంత తడి మరక కనబడింది. ముందు అద్దం రబ్బరు సందున నీరు దిగుతోందనుకున్నాడు. కార్పెట్టు కింద నీరు నిలిస్తే అడుగు రేకు జల్లెడవుతుంది. రబ్బరుకు మందు పట్టించి, పావుగంట సేపు పైపుతో నీళ్లు కొట్టి చూశాడు. చుక్క దిగలేదు. మరక పెరుగుతుందో లేదో తెలుసుకోవడానికి దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. బుధవారం గడిచేసరికి మరక గీతను రెండు వేళ్ల మేర దాటింది. మరో గీత గీశాడు. తరువాతి బుధవారం అదీ దాటింది. మూడు గీతలు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండగా, ఆయన మోకాళ్ల మీద కూర్చుని దీర్ఘంగా ఆలోచించాడు. ఏ బుధవారమూ వాన పడలేదన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం కూతురు వచ్చింది. ఆమెది బేకరీలో పని. రొట్టె పొయ్యిలో కాలిందో లేదో తలుపు తెరవకుండానే వాసన పట్టి చెప్పగలదు.

"రా అమ్మా రా! ఆరు మచ్చలూ ఎక్కడుండేవో కనిపెట్టు చూద్దాం."

ఆమె కారు చుట్టూ తిరిగి, బానెట్ నిమిరి చూసింది. "పోనీ ఒకటైనా చెప్పు నాన్నా. అబ్బ, కొత్త పెళ్లికూతురిలా తయారుచేశావే!"

"ఇంకొకటి మిగిలింది. ఎక్కడినుంచో నీళ్లు దిగుతున్నాయి. నీ కళ్లు చురుకు కదా, చూసి చెప్పు." ఆయన ముందు తలుపు తెరిచాడు.

వంగబోయిన కూతురు చటుక్కున వెనక్కి తగ్గి చెంగుతో ముక్కు మూసుకుంది.

"నాన్నా! ఏమిటీ కంపు?"

"తడి కార్పెట్టు కదా, ముక్కిన వాసన వేస్తుంది."

"ముక్కిన వాసన కాదిది. కుళ్లు! మాంసం కుళ్లిన వాసన. నీకు రావట్లేదూ?"

కూతురు ఊపిరి బిగబట్టి మళ్లీ వంగింది. సుద్దగీతల నడుమ మరక గుండ్రంగా లేదు. ఒక పాదం ముందు భాగమంత వెడల్పున, ఒక పక్క బొటనవేలి గుర్తుతో, పచ్చగా, జిగటగా ఉంది.

"ఇక్కడ కాళ్లు పెట్టుకుని కూర్చునేదెవరు?" అంది. జవాబు కోసం ఆగకుండా ఇంట్లోకి పరుగెత్తింది.

ఆయన వెళ్లేసరికి భార్య మంచం అంచున కూర్చుని రెండు చేతులతోనూ మేజోడును అదిమి పట్టుకుని ఉంది. గదిలో పౌడరు డబ్బాలు రెండు, ఒకటి ఖాళీది.

"అమ్మా, చెయ్యి తియ్యి."

"ఏం లేదే. చిన్న పొక్కు."

"తియ్యమంటున్నానా!"

మేజోడు సగం దాకా ఊడి, తర్వాత చర్మానికి అంటుకుపోయింది. కూతురు నీళ్లు పోసి తడిపి లాగింది. తల్లి ముఖంలో నొప్పి జాడ అయినా లేదు. బొటనవేలి కింద పైకి కనబడుతున్నది గోరంత చిల్లే. చుట్టూ పాదం నల్లబడి, పైన చీలమండ దాటి ఎర్రదనం పాకింది.

కూతురు తండ్రి వైపు తిరిగింది. "నెల రోజులుగా ఆ కారులో పక్కనే కూర్చోబెట్టుకుని తిప్పావు. అద్దం రబ్బరు వెతికావు, నీళ్లు కొట్టి చూశావు, సుద్దముక్కతో గీతలు గీశావు. పక్క మనిషి కాలు మాత్రం చూడలేదు! ఎలా నాన్నా?"

"ఆయన్నేమీ అనకు," అంది తల్లి. "ఆయనకి వాసన తెలీదు. ముప్పై ఏళ్లయింది. నాకు తెలుస్తూనే ఉంది. మీ అందరి ముక్కులకీ తెలియకూడదనే పౌడరు పూసుకున్నాను, ఆయన కోసం కాదు."

"ఎందుకు దాచావమ్మా?"

"మా అక్క కాలు ఇలాగే పోయింది కదే. డాక్టరు దగ్గరికి నడిచి వెళ్లింది, నడిచి తిరిగి రాలేదు. ముందు చెబుదామనే అనుకున్నాను. మూడుసార్లు చెప్పాను కూడా." ఆమె భర్త వైపు చూడలేదు, గోడ వైపు చూసింది. "మీరు కారు కిందున్నారు. పోనీలే, మీ తనిఖీ అయ్యాక చూసుకుందాం అనిపించింది. అప్పటికే వాసన మొదలైంది. ఇంక భయం వేసి నోరు మెదపలేదు."

"ఇదొక్కటి అయిపోనీ" అన్న తన గొంతు ఆయనకు వినిపించింది. మూడుసార్లూ వినిపించింది.

ఆస్పత్రిలో శస్త్రవైద్యురాలు పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత జేబులోంచి నల్లరంగు పెన్ను తీసి, చీలమండ పైన ఎర్రదనం ఆగిన చోట కాలి చుట్టూ ఒక గీత గీసింది.

"ఈ గీత దాటి పైకి పాకుతుందేమో గంట గంటకూ చూస్తాం. దాటితే ఆలస్యం చెయ్యకూడదు."

పెయింటరు ఆ గీతను చూసి గోడకు చేరగిలబడ్డాడు. నెల రోజులుగా తాను చేసినదీ ఇదే పని. తన గీతలన్నీ కార్పెట్టు మీద ఉండిపోయాయి.

తెల్లవారేసరికి ఎరుపు గీతను దాటింది. సంతకం కోసం కాగితం ఇస్తూ వైద్యురాలు మృదువుగా చెప్పింది. "పైకి చిన్న చిల్లు. లోపల ఎముక దాకా పోయింది పెద్దాయనా. వేళ్లు తీసెయ్యాలి, పాదం సగం దాకా పోవచ్చు. ఎక్కడ ఆపాలో లోపల చూస్తేగాని చెప్పలేం."

"మంచిది తగిలేదాకా గీకండి తల్లీ," అన్నాడాయన. "చెడ్డది ఇంత మిగిలినా మళ్లీ మొదలవుతుంది. నాకు తెలుసు." తెలుసునన్న మాట నోట రాగానే ఆయన కాగితం మీద తలవాల్చి బిగ్గరగా ఏడ్చాడు. కూతురు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసిందే గాని, ఏడవవద్దని అనలేదు.

ఆ శుక్రవారం కారు తనిఖీకి పోలేదు. పాదంలో సగం పోయింది.

ఆమె ఇల్లు చేరిన నాటి నుంచి కట్టు మార్చడం ఆయన వంతయింది. గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి, దూదితో తడి అద్ది, కళ్లు మూసుకుని వేలికొనలతో గాయం అంచులకు దూరంగా చర్మాన్ని తాకుతూ వేడి ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతాడు. రెండో పాదం కింద కూడా అద్దం పెట్టి వేలు వేలునా చూస్తాడు. ఆమె విసుక్కుంటుంది. "చాలించండి. నేనేమైనా మీ బానెట్‌నా?"

"ఇదొక్కటి అయిపోనీ," అన్నాడొకనాడు అలవాటు కొద్దీ. అని, ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె బతికి ఉన్న పాదాన్ని ఆయన ఒళ్లోకి జరిపింది.

గేటు చప్పుడైంది. బేకరీ నుంచి కూతురు వచ్చింది, ప్రహరీ దగ్గర కండక్టరు నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లు దాచిన మాటను పెయింటరు వీధికంతా వినబడేటట్టు, గొంతు తగ్గించకుండా చెప్పాడు:

"అమ్మా, కట్టు విప్పి ఉంచాను. నా ముక్కు చచ్చింది. నువ్వొచ్చి వాసన చూసి చెప్పు."

కూతురు చేతులు కడుక్కుని వచ్చి, తల్లి పాదం దగ్గర మోకరిల్లి, ముఖం దగ్గరగా పెట్టి, నిండా ఊపిరి పీల్చింది. ఆయన దూదిని అరచేతిలో నలుపుతూ ఆమె పెదవుల కేసే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం లేదు నాన్నా," అంది. "సబ్బు వాసన. అంతే."