చివరి వీధి వాల్వు

పొద్దున్న ఆరున్నరకి నీళ్ళబ్బాయి సైకిల్ దిగేసరికి, తాను తెరవాల్సిన ఇనప మూత మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. పక్కన నాలుగు ఖాళీ బకెట్లు. చంకలో ముక్కు కారుతున్న పాప ఒకతి. ఆ పాప కూడా అతన్ని కోపంగానే చూస్తోంది.

నీళ్ళబ్బాయి అంటే మున్సిపల్ ఆఫీసు తరఫున ఊరికి నీళ్ళు వదిలే అబ్బాయి. డ్యూటీలో చేరి పన్నెండు రోజులైంది. పొద్దున్నే ట్యాంకు దగ్గర మెయిన్ తెరిచి, లైను నిండేలోగా రోడ్డు కింద గుంటల్లో ఉన్న వాల్వుల్ని పొడవాటి ఇనప కీతో తిప్పి ఒక్కో వీధికీ నీళ్ళు వదలాలి. టైం అయ్యాక కట్టెయ్యాలి. చివరికి ట్యాంకు దగ్గరికి వెళ్ళి ఏడూ ముప్పై అయిదుకల్లా మెయిన్ మూసెయ్యాలి. ఆరు నెలలు ఏ మాటా పడకుండా చేస్తే ఉద్యోగం ఖాయమవుతుందని చెప్పారు.

"మీరు కాస్త పక్కకి జరిగితే నీళ్ళు వదులుతానండీ" అన్నాడు.

"వదలడానికి మీరు రోజూ వస్తూనే ఉన్నారు. ఆ నీళ్ళే రావట్లేదు."

అతను ఆమె కళ్ళముందే కీ దించి, లెక్కపెడుతూ ఇరవై రెండు చుట్లు తిప్పాడు. లేచి, చేతులు దులుపుకుని, కుళాయి వంక చూశాడు. కుళాయి అతని వంక చూసింది. అంతే. ముప్పావు గంట తరువాత వచ్చి మళ్ళీ ఇరవై రెండు చుట్లు తిప్పి కట్టేశాడు. సందు మలుపు దాకా వెళ్ళాడో లేదో, వెనక బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది.

"చూశారా, మీరు అటు తిరగ్గానే ఇటు వచ్చాయి" అందామె మూత పక్కనుంచే. "మీ ముఖమంటే మా కుళాయికి పడనట్టుంది."

పైపులో నిలిచిపోయిన నీళ్ళు దిగుతున్నాయిలే అని అతను తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. కానీ ట్యాంకు దాకా సైకిల్ తొక్కినంతసేపూ అతని మనసులో ఉన్నది నీళ్ళు కాదు. అంత కోపంలోనూ పాప ముక్కు తుడవడం మరిచిపోని ఆ చెయ్యి.

ఆ అమ్మాయి చివరి వీధిలో పసిపిల్లల కేంద్రం నడుపుతుంది. ఇల్లు మున్సిపాలిటీది, అనుమతీ వాళ్ళదే. రెండు గదులు, ఒక వసారా, పదమూడు మంది పిల్లలు. అందరూ పక్కనున్న బట్టల కుట్టు షెడ్డులో పనిచేసే తల్లుల బిడ్డలే. ఏడింటికి షెడ్డు గేటు మూస్తారు. ఆరు దాటిన దగ్గర్నుంచి ఏడుకి ఐదు నిమిషాల ముందు దాకా ఒక్కొక్కరే వచ్చి పిల్లని ఆమె చేతుల్లో పెట్టి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని పరిగెడతారు. సందు చివర్నుంచి ఇంకోసారి చూసుకుంటారు. బిడ్డ ఏడుస్తున్నా భయమే, ఏడవకపోయినా భయమే తల్లికి.

పసిపిల్లలున్న చోట నీళ్ళు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా. పాలసీసా ఒకసారి కడిగితే తృప్తి ఉండదు. బట్టలు గంటగంటకీ తడుపుతారు. ఒక్కడికి విరేచనాలు పట్టుకున్నాయంటే సాయంత్రానికి నలుగురికి. వీధిలో తక్కిన ఇళ్ళకి సొంత బోర్లు ఉన్నాయి కాబట్టి వాళ్ళకి పట్టలేదు. మున్సిపల్ కుళాయి మీద బతికేది ఈ కేంద్రం ఒక్కటే.

నీళ్ళు రావడం లేదని ఆమె రెండుసార్లు కంప్లైంట్ రాసి ఇచ్చింది. దానికి జవాబుగా వచ్చిన కాగితం చూసి ఎందుకు రాశానా అనుకుంది. నెలాఖరులోగా నీటి వసతి సరిపడా లేకపోతే కేంద్రాన్ని రైలు గేటు అవతలి హాలుకి మారుస్తామని అందులో ఉంది. గేటు పడితే అరగంట లేవదు. పిల్లల్ని అక్కడ దించి ఏడింటికి షెడ్డుకి రావడం ఏ తల్లి వల్లా కాదు. అయితే పని మానాలి, లేకపోతే బిడ్డని తాళం వేసిన ఇంట్లో వదలాలి. ఆమెకి ఆ రెండోది తలుచుకుంటేనే అన్నం సహించేది కాదు.

ఆ కాగితం సంగతి ఆమె అతనికి చెప్పింది, తిడుతూ కాదు, మామూలుగా. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

మరునాటి నుంచి అతను సైకిల్‌కి రెండు పక్కలా రెండు క్యాన్లు కట్టుకుని నీళ్ళు తేవడం మొదలుపెట్టాడు. డ్యూటీలో లేని పని. ఆమె వద్దంది. వసారాలో దించేసి వెళ్ళాడు. మరునాడు వద్దనలేదు. మూడోనాడు, "ఇంత పొద్దున్నే టిఫిన్ ఎక్కడ తింటారు?" అని అడిగింది. నాలుగోనాడు అడగకుండానే పెట్టింది.

అంతటితో ఆగలేదు అతను. తన చేతిలో ఉన్నదే ఉద్యోగం కదా, ఆ ఒక్క వీధికి టైం పెంచాడు. ఆరున్నరకి తిప్పే వాల్వు ఆరుకే తిప్పాడు. ఏడుంబావుకి కట్టాల్సింది ఏడున్నర దాకా ఉంచాడు. ఇరవై రెండు చుట్ల తరువాత ఇంకా బలంగా, అరచేతులు ఎర్రబడేలా బిగించి మరీ తిప్పాడు. విచిత్రమేమిటంటే అతను ఎంత ధారాళంగా తిప్పితే నీళ్ళు అంత తగ్గాయి. మొదట్లో అతను వెళ్ళాక పావుగంట వచ్చేవి. ఇప్పుడు ఐదు నిమిషాలకే చాలించుకుంటున్నాయి.

పిల్లలకి ఇవేం పట్టవు. క్యాన్ దించగానే అతని కాళ్ళకి చుట్టుకునేవాళ్ళు. ఆమెని అందరూ అత్తా అని పిలుస్తారు. ఇతన్ని ఏమని పిలవాలని ఒక నాలుగేళ్ళ పెద్దమనిషి అడిగితే, "మామా అను" అని అతను నోరు జారాడు. పదమూడు మందీ ఒకేసారి మామా అన్నారు. అత్త లోపలికి వెళ్ళిపోయింది. అంట్లు తోముతున్న అత్త తల్లి మాత్రం తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ అతన్ని పైనుంచి కింద దాకా చూసింది.

నెలాఖరుకి వారం ఉందనగా ఇంజనీరు మేడం తనిఖీకి వచ్చింది. ఆరూ నలభై అయిదు. నీళ్ళబ్బాయి అప్పటికే వాల్వు తిప్పి పక్కన నిలబడ్డాడు. మేడం స్వయంగా కుళాయి విప్పింది. గాలి కూడా రాలేదు. పది నిమిషాలు చూసి, పాత లైను, చివరిదాకా ప్రెషర్ అందదని రాసుకుంది. సోమవారం ఆర్డర్ వస్తుంది, సామాను సర్దుకోండి అని మెత్తగానే చెప్పి వెళ్ళింది.

మేడం వెళ్ళాక అమ్మాయి ఉయ్యాల దగ్గరికి వచ్చింది. ఉయ్యాల్లో పిల్లాడిని ఊపుతూ గోడమీది క్యాలెండర్ వైపే చూసింది. నీళ్ళు వచ్చిన టైం అందులో రోజూ రాసుకునే అలవాటు ఆమెది. ఏ టైంకి పాలసీసాలు కడగాలో తెలియాలి కదా.

"మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి" అంది. "పోయిన గురువారం పిల్లలతో బంతాడుతూ టైం మర్చిపోయి, వాల్వు కట్టకుండానే ట్యాంకుకి పరిగెత్తారు. ఆ రోజు చుక్క రాలేదు."

"అవునా?"

"మిగతా అన్ని రోజులూ మీరు కట్టేసిన నిమిషానికి వచ్చాయి. మీరు ట్యాంకు దగ్గర మెయిన్ మూసేదాకా ఉన్నాయి. ఎగతాళిగా అనడం లేదండీ. నేను చదివింది తొమ్మిదే, పైపుల సంగతి నాకు తెలీదు. కానీ తెరిచి ఉంటే రాకుండా, మూస్తే వచ్చే నీళ్ళు ఎక్కడైనా ఉంటాయా?"

అతని ముఖంలో రంగు మారింది. కీ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. అది ముప్పై ఏళ్ళ నాటి వాల్వు. అడ్డదిడ్డంగా తిప్పి విరగ్గొడితే వీధంతా తవ్వాల్సి వస్తుంది. ముందు అడగాల్సిన మనిషి ఒకరున్నారు.

అతనికి ముందు ముప్పై ఏళ్ళు ఆ డ్యూటీ చేసి రిటైరైన బాబాయ్ ఊరికి అవతలి చివర కొడుకు దగ్గర ఉంటాడు. పని అప్పగించినప్పుడు ఏ వాల్వుకి ఎన్ని చుట్లో కాగితం మీద రాయించాడు. మోకాళ్ళ నొప్పితో చివరి వీధి దాకా మాత్రం నడవలేకపోయాడు. మొదటి రోజు అక్కడి వాల్వు ఎడమకి అసలు కదలకపోతే, బాబాయ్ తెరిచే ఉంచి వెళ్ళాడని నీళ్ళబ్బాయి అనుకున్నాడు.

బాబాయ్ అంతా విని నవ్వాడు. ప్రపంచంలో ఏ వాల్వైనా ఎడమకి తిప్పితే తెరుచుకుంటుంది, కుడికి తిప్పితే మూసుకుంటుంది, పసిపిల్లాడిని అడిగినా చెబుతాడన్నాడు. చివరి వీధిదీ అంతేనా అని మళ్ళీ అడిగితే కోపం కూడా తెచ్చుకున్నాడు. అయినా నీళ్ళబ్బాయి వదలకుండా మరునాడు పొద్దున్నే ఆయన్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని చివరి వీధికి తీసుకొచ్చాడు.

బాబాయ్ కీ అందుకుని గుంటలోకి దించాడు. పక్కన నిలబడ్డ అమ్మాయికి తన మోకాళ్ళ గురించి, డాక్టరు ఇచ్చిన మాత్రల గురించి చెబుతూనే తిప్పడం మొదలుపెట్టాడు. నోరు దాని దారిన అది మాట్లాడుతోంది. చేతులు వాటి దారిన అవి తిరుగుతున్నాయి.

కుడికి.

ఎనిమిదో చుట్టు దగ్గర ఆయనే ఆగిపోయి తన చేతుల్ని చూసుకున్నాడు. "ఓరి నాయనో" అన్నాడు మెల్లగా. "ఇది తిరగమర వాల్వురా, కుడికి తిప్పితేనే తెరుచుకుంటుంది. నేను చేరిన కొత్తల్లో బిగించారు. నెలరోజులు నన్నూ ఏడిపించింది. ఆ తరువాత చేతులకి అలవాటైంది, బుర్రే మర్చిపోయింది."

లోపల కుళాయి ఒకసారి దగ్గి, ఎర్రనీళ్ళు కక్కి, ఆ పైన తెల్లగా, లావుగా దూకింది. పిల్లలు చొక్కాలతో సహా దాని కిందికి చేరారు. ఎవరికి జలుబు చేస్తుందో అని ఆమె ఒక్కొక్కరినీ లాగుతూ, లాగినవాడు మళ్ళీ దూరుతుంటే నవ్వుతూ, కొంగుతో తలలు తుడుస్తూ చాలాసేపటికి గానీ అతని వంక చూడలేదు.

చూసేసరికి అతను గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నలభై మూడు రోజులు" అన్నాడు. "మీకు నీళ్ళు రాకుండా చేసింది నేనే. టైం పెంచి మరీ."

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. పదమూడు మంది పిల్లల బట్టలు, కడగని సీసాలు, నిద్రపట్టని రాత్రులు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఏదో అనబోయింది. బిగించి తిప్పీ తిప్పీ బొబ్బలెక్కిన అతని అరచేతులు కనిపించి, ఆ మాట మింగేసింది.

బాబాయ్ తేలిగ్గా ఒక ఉపాయం చెప్పాడు. వాల్వు తుప్పు పట్టింది, నూనె వేస్తే బాగైందని ఆఫీసులో చెప్పమన్నాడు. ఎవరికీ మాట రాదు. కానీ లైనుకి ప్రెషర్ అందదని మేడం అప్పటికే రాసేసింది. ఇవాళ వచ్చిన నీళ్ళు రేపు ఆగవని నమ్మకమేమిటి అంటారు. లైను మంచిదే, తిప్పిన మనిషిదే తప్పు అని ఎవరో ఒకరు రాసి ఇస్తే తప్ప సోమవారం ఆర్డర్ ఆగదు.

సోమవారం ఆఫీసు తెరిచేసరికి అతను వరండా బెంచీ మీద తెల్లకాగితం పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"నా చేతిరాత బాగుండదు. మీరు రాసిపెడతారా?"

కలం తీసుకుంది గానీ కాగితం మీద పెట్టలేదు. "ఉద్యోగం పోతే?"

"పోతే ఇంకోటి చూసుకుంటాను. ఆ పిల్లలకి ఇంకో అత్త దొరకదు కదా."

ఆమె కలం కాగితం మీద పెట్టింది. "ఏమని రాయను, చెప్పు" అంది. మీరు అన్న మాట ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

"తెరుస్తున్నాననుకుని మూశానని రాయి. నలభై మూడు రోజులూ అని రాయి. లైనులో ఏ లోపమూ లేదని రాసి, కింద గీత గీయి."

ఇంజనీరు మేడం ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"రోజూ మూశావా?"

"రోజూ మేడం. ఆదివారాలు కూడా."

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వు దాచుకోవడానికేనని బయట అటెండరు అందరికీ చెప్పాడు. వెంటనే మెయిన్ తెరిపించి, మనిషిని పంపి కుళాయి చూసి రమ్మంది. అరగంటలో ఆ మనిషి మోకాళ్ళ దాకా తడిసి వచ్చాడు. కేంద్రం మార్పు ఆర్డర్ అక్కడే రద్దయింది. నీళ్ళబ్బాయికి ఒక మెమో, దానితోపాటు ఖాయం కావడానికి ఇంకో ఆరు నెలలు పొడిగింపు దక్కాయి. ఆ సాయంత్రమే పని మానేస్తామని షెడ్డులో చెప్పడానికి సిద్ధపడ్డ ఇద్దరు తల్లులు, సంగతి తెలిసి సందు చివర నిలబడి పైటచెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఆ వారంలో ఒక సాయంత్రం, తల్లులందరూ పిల్లల్ని తీసుకెళ్ళాక, నీళ్ళబ్బాయి ఉతికిన చొక్కా వేసుకుని కేంద్రానికి వచ్చాడు. క్యాన్లు లేవు, చేతిలో కీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. చిన్న చాపలు మడతపెడుతున్న ఆమె అతన్ని చూసి, మడతపెట్టిన చాపని మళ్ళీ పరిచింది.

అతను ఆమెతో కాదు, ఆమె తల్లితో మాట్లాడాడు. ఇంట్లో తనూ చెల్లెలే ఉంటారని, చెల్లెలికి ఈ సంగతి చెప్పే వచ్చానని అన్నాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని తనే ముందు చెప్పేశాడు. ఆ పైన, మీ అమ్మాయిని నాకిస్తారా అని అడిగేశాడు.

"నాకు గొప్పగా మాట్లాడటం రాదమ్మా. తప్పు చేస్తే ఒప్పుకోవడం ఒకటి వచ్చు."

తల్లి అతన్ని ఈసారి కింద నుంచి పైదాకా చూసింది.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాను నాయనా" అంది. "ఆ ఒక్కటీ మా ఆయనకి చివరిదాకా రాలేదు. కూర్చో, కాస్త టీ పెడతాను."

లోపలికి వెళ్తూ కూతురి భుజం తట్టింది. కూతురు చాప అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నువ్వేమీ అనవా?" అన్నాడు అతను.

"నలభై మూడు రోజులు నన్ను ఏడిపించావు" అంది ఆమె, తల ఎత్తకుండానే. "ఊరికే వదిలిపెడతానని ఎలా అనుకున్నావు?"