చినబాబు గొంతు

వాకిట్లో పేడనీళ్ళు చల్లుతూ భాగ్యవతి ఆ పొద్దున గట్టిగా అనేసుకుంది. ఈ ఇంట్లో ఆ రంగుపూతల మనిషైనా ఉండాలి, తనైనా ఉండాలి!

ఆ మనిషి పేరు పద్మకుమారి. రంగూన్, పినాంగు, కొలంబో తిరిగి నాటకాలాడింది. యుద్ధం ముగిశాక ఒక ట్రంకుపెట్టెతో శ్రీకూర్మంలో దిగి, "చినబాబు భార్యని" అంది. చినబాబు భాగ్యవతికి మరిది. రంగూన్‌లో బాంబులు పడ్డప్పుడు నడిచి వస్తూ దారిలోనే పోయాడు. అతనికి పెళ్ళయిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. మరి ఎలా నమ్మడం?

చూపుపోయిన అత్త లక్ష్మణమ్మేమో ఆమెను పక్కనుంచి కదలనివ్వదు. మధ్యాహ్నమైతే ఇద్దరూ గదిలో దూరి గడియ వేసుకుంటారు. నిన్న ఆ తలుపు వెనక మగగొంతు వినబడింది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు" అంది భాగ్యవతి మొగుడితో. "ముసల్దాన్ని అడ్డం పెట్టుకోని ఎవుడ్నో రప్పిస్తన్నాది."

"మళ్ళీ మొదలెట్టినావేటి?" విసుక్కున్నాడు జగన్నాధం.

"నా సెవుల్తో ఇన్నాను! బండి కట్టించు. ఈయేళే పంపించీ."

పెళ్ళాం నోటికి జడిసి, జగన్నాధం బండి కట్టమన్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ అదే గొంతు. పైగా నవ్వులు! భాగ్యవతి భుజంతో ఒక్క తోపు తోసేసరికి పాత గడియ ఊడిపడింది. గదిలో మగాడెవడూ లేడు. మంచం మీద అత్త, ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని పద్మకుమారి.

"ఎక్కడ దాసినావే ఆడ్ని?"

"ఎవరూ లేరక్కా. అది నేనే. స్టేజీ మీద నావన్నీ మగవేషాలే. అత్తమ్మ అడిగితే ఆయనలా మాట్లాడాను."

భాగ్యవతికి ఒళ్ళు మండిపోయింది. "ఆడు దార్లో సస్తంటే కొలంబోలో రంగేసుకున్నావు. ఇప్పుడు ఈ ముసల్దాన్ని మోసం సేస్తన్నావా?"

పద్మకుమారి తల వంచుకుంది. "యుద్ధమని ఓడలు ఆపేశారక్కా, ఆయన దగ్గరికి రాలేకపోయాను. ఆయన పోయిన కబురు తెలిసిన పూట కూడా వేషం కట్టాను. కట్టకపోతే కంపెనీవాళ్ళు కూడు పెట్టరు."

"నన్నెవులూ మోసం సెయ్యలేదే బాగ్గెం" అంది లక్ష్మణమ్మ. "కళ్ళు పోనాయి గాని బుద్ది పోనాదేటి? కొడుకు పోనాడని తెలిసే అడిగినాను. ఆడి గొంతైనా ఇనాలని."

అయినా భాగ్యవతి మెత్తబడలేదు. "ఆడి గొంతు నీకేటి తెలుసు?" అంది.

పద్మకుమారి కళ్ళు మూసుకుని, చినబాబు గొంతుతో అంది:

"వదినా! మాగాయ టెంక నాకు అట్టేపెట్టు. అన్నయ్యకి సెప్పకేం?"

కొత్త కోడలిగా భాగ్యవతి ఈ గడప తొక్కినప్పుడు చినబాబు పసివాడు. రోజూ కంచం దగ్గర ఆమె చెవిలో అదే మాట. తను మొగుడికి కూడా చెప్పని మాట. చినబాబు తను కట్టుకున్నదానికి కాక ఇంకెవరికి చెప్పుకుంటాడు!

"పెట్టె తెస్తారామ్మా?" బయటనుంచి బండి తోలే కూర్మయ్య కేకేశాడు.

"బండిప్పీరా కూర్మయ్యా!" అని అరిచి, గడప మీదే కూలబడింది భాగ్యవతి. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు.

"ఒలే పద్మా... ఇంకోపాలి. వదినా అని పిలువే."