నవ్వుకు ముందు ముఖం

విశాఖపట్నంలో రోడ్డు ప్రమాదమన్నది జరిగి ఆరు నెలలయింది. కంటికి ఏదైనా కనబడ్డాక ఒళ్ళు కదలడానికి పట్టే వ్యవధిని, అంటే రియాక్షన్ టైమ్‌ను, డాక్టర్ సువర్చల కనిపెట్టిన చురుకుకటకం దాదాపు మాయం చేసింది. కంటిపాప మీద పల్చటి పొరలా అతుక్కుని, చూసినదాన్ని మెదడుకు దగ్గరిదారిన చేరవేసే లెన్స్ అది. ఊరంతా పెట్టుకుంది.

ఇప్పుడు ఆ ఊరే ఆవిడ ల్యాబు ముందు బారులు తీరుతోంది.

"ఇవాళా అన్నీ మొగుడూపెళ్ళాల గొడవలేనండీ," అన్నాడు సహాయకుడు మోజెస్.

సువర్చల కళ్ళు నులుముకుంది. మొదట లోపలికి వచ్చినామె కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మా ఆయన నన్ను చూడగానే నవ్వుతారండి. ఈ లెన్స్ పెట్టుకున్నాక, ఆ నవ్వుకి ముందు రెప్పపాటులో వచ్చిపోయే విసుగు కూడా కనబడుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకది తెలీనే తెలీదు."

"ముందొచ్చేది ఒంటి బడలికమ్మా. దాన్ని దిగమింగి నవ్వారు చూశారూ, ఆయన అసలు మనసు అక్కడుంది. లెన్స్ వేగం తగ్గించేస్తాను, మళ్ళీ నవ్వే కనబడుతుంది."

"వద్దండి. తెలిశాక తెలీనట్టు ఉండలేను."

ఎవరికి చెప్పినా అదే జవాబు. సాయంత్రానికి సువర్చల గొంతు ఎండిపోయింది.

ఇంటి దగ్గర భర్త భార్గవ తలుపు తీశాడు. నవ్వాడు. దానికి ముందు అతని ముఖంలో మెరిసి మాయమైనదాన్ని ఆమె చూసింది. తన ముఖంలోనూ అలాంటిదేదో అతను చూశాడని ఆ కళ్ళే చెప్పాయి. పగలంతా జనానికి చెప్పిన మాటలు తనకు తాను చెప్పుకుంది. ఒక్కటీ పనిచేయలేదు.

అన్నం తింటూ భార్గవే అన్నాడు, "ఇలా ఎన్నాళ్ళు, సువీ? ఇద్దరం తగ్గించేసుకుందాం."

ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "రేపే," అంది.

మర్నాడు ల్యాబులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వేగం తగ్గించే యంత్రం ఒక్కటే ఉంది. మోజెస్ దాన్ని సిద్ధం చేసి అడిగాడు.

"ముందు ఎవరికండీ?"

సువర్చల భర్త వైపు తిరిగింది. అతనూ తిరిగాడు. ఒకరికి తగ్గాక రెండోవారు మనసు మార్చుకుంటే? అప్పుడిక తన ముఖం ఎదుటివారికి తెరిచిన పుస్తకం, వాళ్ళది తనకు మూసిన తలుపు. ఆ భయం ఇద్దరి ముఖాల్లోనూ ఒకేసారి మెరిసింది, ఇద్దరికీ కనబడింది. తరవాతే ఇద్దరూ నవ్వారు, ఎంతో ప్రేమగా.

"ముందు నువ్వు," అన్నారు ఒకేసారి.

మోజెస్ కాసేపు చూసి, యంత్రం ఆపేసి, టీ తాగడానికి వెళ్ళాడు.