లోటు తగ్గింది, అప్పు పెరిగింది

"ఈ పేజీ దిద్దిన మహానుభావుడు ఎవరు?"

ప్రూఫు గదిలో తలలన్నీ వంగిపోయాయి. మనవాడు మాత్రం ఛాతీ విరుచుకుని లేచాడు.

"నేనేనండీ. పెద్ద తప్పే పట్టుకున్నాను."

ప్రభుత్వ ముద్రణాలయంలో బడ్జెట్ పుస్తకాలు అచ్చవుతున్న రోజులవి. మంత్రిగారు సభలో బడ్జెట్ చదివేదాకా లోపలివాళ్లు గేటు దాటకూడదు. ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పడుకున్నాయి. మనవాడు టెంపరరీ ప్రూఫ్ రీడర్. ఈ పుస్తకాలు సవ్యంగా బయటికెళ్తే ఉద్యోగం పర్మనెంటు. ఎదురుగా నిలబడ్డది పట్టికలు సరిచూడటానికి ఆర్థికశాఖ పంపిన ఆఫీసరు. ముక్కు మీద కళ్లజోడు, దాని పక్కనే కోపం. రెండూ ఆమెకు బాగా నప్పాయనుకున్నాడు మనవాడు, అనుకోవాల్సిన సమయం కాకపోయినా.

"పైన లోటు తగ్గింది అని ఉంది. కింద అప్పు పెరిగింది అని ఉంది. రెండూ ఎలా కుదురుతాయండీ? అందుకే కింద కూడా తగ్గింది అని మార్చేశా."

"మార్చేశారా! మొదటి ప్రూఫు బాగుంది కదా అని రెండోది చూడకుండా సంతకం పెట్టాను. రెండొందల కాపీలు అచ్చయిపోయాయి!"

బయట వాన దంచికొడుతోంది. గది మూల పైకప్పు కారుతుంటే ఎవరో బకెట్ పెట్టారు. ఆమె అటు చూపించింది.

"పొద్దున ధారగా కారింది. ఇప్పుడు?"

"చుక్కలేగా."

"కారడం తగ్గింది. మరి బకెట్లో నీళ్లు తగ్గాయా?"

మనవాడు వెళ్లి తొంగిచూశాడు. "లేదండీ... పెరిగాయి."

"ఏడాదిలో రాబడిని మించిన ఖర్చు లోటు. అది ఆ చుక్కలు. దాన్ని పూడ్చడానికి ఏళ్ల తరబడి తెచ్చి ఇంకా తీర్చనిదంతా అప్పు. అది ఆ బకెట్. లోటు తగ్గినంత మాత్రాన అప్పు తగ్గదు!"

మనవాడి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"సంతకం మీది కదండీ. మాట మీ మీదికొస్తుందా?"

"వస్తుంది," అంది. ఆమె గొంతు మొదటిసారి తగ్గింది.

మనవాడు తిన్నగా సూపరింటెండెంట్ గదికి వెళ్లి, మార్చింది తనేనని కాగితం రాసిచ్చాడు. ఆయన అరగంట చీవాట్లు పెట్టి, ఆ పేజీ మళ్లీ అచ్చు వేయమన్నాడు. పర్మనెంటు సంగతి తర్వాత చూద్దామన్నాడు.

మెషిన్ ఫోర్‌మన్ మాత్రం విసుక్కోలేదు. కొత్త ప్రూఫు ఆమెకిస్తూ, "ఈసారి రెండుసార్లు చదవండి మేడమ్," అన్నాడు వినయంగా.

"ఇకమీదట ఏ కాగితమైనా రెండుసార్లు చదివాకే సంతకం," అంది ఆమె.

తర్వాతి మూడు రోజులూ పట్టికలు పట్టుకుని ఆమే ప్రూఫు గదికి వచ్చింది. పట్టికలు పది నిమిషాలు, కబుర్లు గంట. మనవాడి మనసు మనసులో లేదు. చెప్పుకుందామంటే చేతిలో ఫోను లేదు. చివరికి ఫోర్‌మన్‌నే పట్టుకున్నాడు.

"మేడమ్‌గారికి నా మీద కోపం తగ్గిందంటారా?"

"తగ్గినట్టే ఉంది."

"నాకే పెరిగిపోతోందండీ."

"కోపమా?"

"అబ్బే, కోపం కాదండీ..." మిగతాది మింగేశాడు.

ఫోర్‌మన్ నవ్వు ఆపుకుంటూ మెషిన్‌కి నూనె పోశాడు. "నాకు చెప్తే ఏం లాభం? రాసివ్వు. మేడమ్ నోటిమాట నమ్మరు."

చివరి రోజు టీవీలో మంత్రిగారు బడ్జెట్ చదివారు. లోటు తగ్గింది, అప్పు పెరిగింది. గేట్లు తెరుచుకున్నాయి. అందరూ ఫోన్లకోసం పరిగెత్తారు. మనవాడు మాత్రం ఒక ప్రూఫు చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

"మీ కోపం తగ్గింది. నా ప్రేమ పెరిగింది. ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. అయినా, నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె చదివింది. అంతలో ఫోర్‌మన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, వాన వెలిసింది. ఇంటికి పోదామా?"

మనవాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మాయా?"

"డ్యూటీలో మేడమ్. గేటు తెరిచాక నా కూతురు," అన్నాడు ఫోర్‌మన్. "తప్పు చేసి దాక్కోకుండా ఒప్పుకున్నావు బాబూ. నాకు అది చాలు. సంతకం మాత్రం దానిష్టం."

ఆమె కళ్లజోడు సర్దుకుని, చీటీ మళ్లీ మొదటి నుంచి చదివింది. ఎర్ర పెన్సిల్‌తో కింద ఏదో రాసి, సంతకం పెట్టి అతనికిచ్చింది.

"తప్పుల్లేవు. ముద్రించవచ్చు."