మోరి కాడి నల్ల దున్నపోతు

మెదక్‌లో పొద్దుగూకిన తర్వాత సైకిలు మీద ఎవరూ పోని బాట ఒకటి ఉంది. రామాయంపేట రోడ్డు దగ్గర మొదలై, కాలువ కట్ట మీదుగా ఊరి చివరి బస్తీకి పోతుంది. నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం అని సిమెంటు పోసి వేసిన బాట. పొడుగునా దీపాల స్తంభాలు కూడా పెట్టారు. కోతులు ఊగి ఊగి తీగలు తెంపాయి. దీపాలు పోయాయి, స్తంభాలు మిగిలాయి.

ఆ బాట నడుమ ఒక మోరి ఉంది. పొలాల నీళ్లు కిందినుంచి పోయే చిన్న వంతెన. దాన్ని దున్నపోతు మోరి అంటారు.

రాత్రిపూట అక్కడ ఒక నల్ల దున్నపోతు బాటకు అడ్డంగా పండుకొని ఉంటుందట. కదలదు, తల ఎత్తదు... కానీ ఊపిరి తీస్తుంది. దాని డొక్క పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ఆ ఊపిరి చప్పుడు విన్నవాడు ఇల్లు చేరడట. అది ఎవరు ఎక్కి తిరిగే దున్నపోతో వేరే చెప్పనక్కరలేదు.

ఈ మాట చెప్పిపోయిన మనిషి జాన్సన్.

జాన్సన్ బియ్యం మిల్లులో వాచ్‌మన్. తాగేవాడు కాదు, అబద్ధమాడేవాడు కాదు. పోయినేడు వరికోతల కాలంలో డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి వస్తూ, మోరి దగ్గర పడిపోయాడు. తెల్లవారుతుండగా చంద్రకాంత్ పటేల్ చూసి దవాఖానకు మోసుకుపోయాడు. అక్కడ పోయే ప్రాణంతో జాన్సన్ ఈ రెండు ముక్కలే అన్నాడు.

"నల్లది... అడ్డం పండుకున్నది... ఊపిరి తీస్తున్నది..."

జనం పోయి చూస్తే బాట మీద ఏమీ లేదు. సైకిలు ముందు చక్రం మెలిక తిరిగి ఉంది. బెల్లు మీది గిన్నె ఊడి ఎటో పోయింది, ఎంత వెతికినా దొరకలేదు. చొక్కా జేబులో కొన్ని వడ్లగింజలున్నాయి. మిల్లులో పనిచేసేవాడి జేబులో వడ్లు కాక ఇంకేముంటాయని ఎవరూ పట్టించుకోలేదు.

చంద్రకాంత్ పటేల్‌ది కాలువ పక్క పొలమే. "నేను గూడ ఒకపారి చూసిన," అని హోటల్లో చాయ్ తాగుతూ గొంతు తగ్గించి చెప్పేవాడు. "నమ్మితే నమ్ముండ్రి, లేకుంటే లేదు. చీకటి పడ్డంక అటు దిక్కు పోకుండ్రి." మోరి మీద నిమ్మకాయలు కోసి పెట్టించిందీ ఆయనే. జాన్సన్ ఇంటికి బియ్యం బస్తా పంపిందీ ఆయనే. దేవునిలాంటి మనిషి అని జాన్సన్ భార్య మార్తమ్మ ఆయనకు చేతులు జోడించింది.

అప్పటినుంచి చీకటి పడితే బాట ఖాళీ. కోతల కాలంలో పగలు మాత్రం రైతులు ఆ సిమెంటు మీద వడ్లు ఆరబోసుకుంటారు. పొద్దుగూకితే మనిషి కనబడడు.

భయపడటం తప్పు కాదు. దేనికి భయపడాలో విచారించకుండా భయపడటం తప్పు. అయితే ఆ సంగతి ఊరికి తెలిసేసరికి ఏడాది పట్టింది.

జాన్సన్ కూతురు ఎలిశిబా ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు పని నేర్చుకుంటోంది. తండ్రి సైకిలు మీదనే తిరుగుతుంది. చలికాలం వస్తే తండ్రి ఖాకీ కోటే తొడుక్కుంటుంది. ఆ సైకిలును బాగుచేసి ఇచ్చింది రహీం చాచా. కట్ట బాట మొదట్లోనే ఆయన సైకిల్ షాపు.

"చక్రం ఏసిన, బ్రేకులు ఏసిన," అన్నాడు రహీం ఆనాడు. "గీ బెల్లు ఒక్కటి ఏపిచ్చుకో బేటీ. కింది ముక్క ఉన్నది, మీద గిన్నె లేదు. గిన్నె లేని బెల్లుతోని ఎవల్ని పక్కకు జరగమంటవ్, చీమల్నా?"

"ఉండనియ్యి చాచా. అది నాన్నది."

"నాన్నదైతే? వెనక మెరిసే ఎర్ర రేకు లేదు, ముందట లైటు లేదు. చీకట్ల నువ్వు ఎవలకు అగుపడ్తవ్?"

"నేను చీకట్ల పోను గద. బజార్ల నుంచే పోత."

రహీం నూనె చేతులు తుడుచుకుంటూ కట్ట వైపు చూశాడు. "మీ నాన్న మోరి ఎక్కేముందు బెల్లు కొడ్తుండె. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. గీడ కూసుంటే ఇనబడ్తుండె. జాన్సన్ ఇంటికి పోతుండు, ఇగ దుకాణం మూసుకోవాలె అనుకుంటుంటి."

ఎలిశిబా గిన్నె లేని ఆ బెల్లును బొటనవేలితో తడిమి, సైకిలెక్కి వెళ్లిపోయింది. లైటు పెట్టించుకోమన్న మాట ఆ రోజుకు వాయిదా పడింది. తర్వాతి రోజుకూ పడింది. ప్రాణానికి సంబంధించిన పనులనే మనిషి ఎక్కువగా వాయిదా వేస్తాడు.

నవంబరు వచ్చింది. కోతల దుమ్ము లేచింది. ఆ దుమ్ముకు మార్తమ్మకు దమ్ము, అంటే ఉబ్బసం, ఎక్కువవుతుంది.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా ఎలిశిబా ఫోన్ మోగింది. పక్కింటి పిల్ల సమ్రీన్.

"అక్కా, జర జల్ది రా. అమ్మకు దమ్ము ఆడ్తలేదు. నోట్లె కొట్టుకునే పంపు ఒడ్సిపోయింది. పెదవులు నల్లగ అయితున్నయి."

ఎలిశిబా దవాఖాన మందుల షాపులో కొత్త పంపు తీసుకొని రోడ్డు మీదికి ఉరికింది. ఒక ఆటో ఆపింది.

"బస్తీకా? కట్ట మీదికెల్లి రాను చెల్లె," అన్నాడు ఆటో అతను. "బజార్ల నుంచి అంటే వస్త. గానీ ఇయ్యాల పెండ్లి బరాత్ ఉన్నది, ట్రాఫిక్ కదుల్తలేదు."

బజారు దారి మూడింతలు దూరం. పైగా బరాత్. అంతసేపు అమ్మ ప్రాణం నిలుస్తుందా?

ఆమె సైకిలును కట్ట వైపు తిప్పింది.

రహీం షాపు మూసి ఉంది. దాని తర్వాత దీపం లేదు. ఫోన్‌లో టార్చి వేసి కోటు పై జేబులో నిలబెట్టుకుంది. పెడలు తొక్కినప్పుడల్లా వెలుతురు ఊగుతోంది. బాట కనబడుతోంది... మాయమవుతోంది... మళ్లీ కనబడుతోంది.

వెనక, చాలా దూరంలో చర్చి గోపురం మీద దీపాలు. అమ్మ మాట గుర్తొచ్చింది. 'మనకు యముడేంది బిడ్డ, మనం ప్రభువు బిడ్డలం. కానీ ఆ తొవ్వల పోకు.'

"యేసయ్యా..." అనుకుంది. "ఒక్క మోరి దాటియ్యి."

సిమెంటు పగిలిన చోట చక్రం దభీమని దిగి లేచింది. జేబులోంచి ఫోన్ ఎగిరింది. వెలుతురు ఒక సున్నా చుట్టి కాలువలో పడింది. బుడుంగుమని ఒక చప్పుడు.

ఇక చీకటి.

ఆగి వెతకడానికి లేదు. జేబులో పంపు ఉందా అని తడిమి చూసుకుంది. ఉంది. మెల్లగా తొక్కుతూ ముందుకు పోయింది.

చల్లటి గాలి వీచింది. గాలితోపాటు ఒక చప్పుడు వచ్చింది.

హుస్... స్... స్...

ఆగింది. మళ్లీ—

హుస్... స్... స్...

ఎలిశిబా దవాఖానలో పనిచేసే పిల్ల. ఊపిరి చప్పుడు ఆమెకు తెలుసు. అమ్మ ఊపిరి తెలుసు, పోయేవాళ్ల ఊపిరి తెలుసు. ఇది వాటన్నిటికన్నా పెద్దది. నిదానమైనది. తొందర లేనిది.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. ఎదురుగా మోరి. మోరి మీద—

నల్లగా, గుట్టలాగా, అడ్డంగా పండుకొని ఉంది. వీపు మెల్లగా పైకి లేచింది. కిందికి దిగింది.

ఆమె చేతులు హ్యాండిల్‌కు అతుక్కుపోయాయి. నాన్న అబద్ధమాడలేదు. నాన్న చూసింది ఇదే.

వెనక్కి తిరిగితే తాను బతుకుతుంది. అమ్మ బతకదు.

దానికీ కట్ట అంచుకూ మధ్య కొంచెం సందు ఉన్నట్టు కనబడింది. అందులోంచి దూరిపోతే... ఆమె తల వంచింది. ఊపిరి బిగబట్టింది. బలమంతా పెట్టి తొక్కింది. చక్రం వేగం అందుకుంది. నల్లటి గుట్ట దగ్గరికి వచ్చింది... ఇంకా దగ్గరికి...

సరిగ్గా అప్పుడు ఆ దున్నపోతు వీపు మీద తెల్లగా ఒక ఆకారం లేచి కూర్చుంది.

ఎలిశిబా రెండు బ్రేకులూ పట్టేసింది. సైకిలు జారింది. ఆమె మోకాళ్ల మీద పడింది. ముందుకు చాచిన చేతికి చల్లగా, గరుకుగా ఏదో తగిలింది.

రాయి.

దాని పక్కన ఇంకో రాయి. దాని పక్కన ఇంకోటి. బాట అంచుదాకా వరుసగా, తలకాయలంత రాళ్లు. చక్రం ఇంకొక్క చుట్టు తిరిగి ఉంటే ఆమె తల వాటి మీదే పడేది.

పైనున్న తెల్లటి ఆకారం వణుకుతోంది. అది గుసగుసగా మాట్లాడింది.

"జాన్సన్... వచ్చినవా..."

ఎలిశిబా కదల్లేదు.

"వస్తవని నాకెరుకనే. గా కోటు నాకు కండ్లల్లనే ఉన్నది... నన్నేం చెయ్యకు జాన్సన్. నేను కావాలని చెయ్యలే. వడ్లు తడుస్తయని రాశి చేసి కప్పిన. గాలికి లేవద్దని రాళ్లు పెట్టిన. దొంగలు వస్తరని మీద పండుకున్న. నువ్వు వచ్చి తాకుతవని ఎవలకెరుక..."

గాలి వీచింది. రాశి మీద కప్పిన నల్ల టార్పాలిన్ ఉబ్బింది, హుస్సుమని దిగింది.

"నువ్వు మూలుగుతనే ఉన్నవ్," అంది ఆ గొంతు. "నాకు బుగులైంది, నన్ను పట్టుకుంటరని. ముందుగాల వడ్లు ఎత్తిన. రాళ్లు కాలువల పడేసిన. తర్వాత... తర్వాత నిన్నెత్తిన."

ఆ గొంతు ఎలిశిబాకు తెలుసు. బియ్యం బస్తా పంపిన గొంతు. దేవునిలాంటి మనిషి గొంతు.

దున్నపోతు కథతో రాత్రి బాట ఖాళీ అయింది. ఖాళీ అయిన బాట మీద అతను ఈ ఏడు కూడా, అదే మోరి మీద, అదే రాశి పోశాడు. దయ్యాలు ఇంత లెక్కగా బతకవు.

ఎలిశిబా లేచి నిలబడింది. ఏడవాలో అరవాలో ఆమెకు తెలియలేదు. రెండింటికీ సమయం లేదు.

"పటేలా," అంది. "నేను జాన్సన్‌ను గాదు. జాన్సన్ బిడ్డను. ఇంట్ల మా అమ్మకు దమ్ము ఆడ్తలేదు. నాకు ఫోన్ లేదు, లైటు లేదు. టార్చి ఉంటే తొవ్వ చూపియ్యుండ్రి."

రాశి మీద దుప్పటి కదిలింది. తర్వాత టార్చి వెలిగింది. వెలుతురు ఆమె ముఖం మీద పడి, వెంటనే పక్కకు తప్పుకుంది.

దుప్పటి కప్పుకున్న చంద్రకాంత్ టార్చి పట్టుకొని ముందు ఉరికాడు. వెనక ఎలిశిబా సైకిలు.

ఇంట్లో మార్తమ్మ గోడకు ఆనుకొని గాలి కోసం నోరు తెరుస్తోంది. సమ్రీన్ ఆమె వీపు రాస్తోంది. ఎలిశిబా పంపు నోటికి పెట్టి నొక్కింది. ఆగింది. మళ్లీ నొక్కింది. కొంతసేపటికి మార్తమ్మ ఛాతీలో ఈల తగ్గింది. పెదవులకు రంగు వచ్చింది.

గడప బయట తలవంచుకొని నిలబడ్డ మనిషిని ఆమె అప్పుడు చూసింది. "పటేల్ ఎందుకొచ్చిండు?"

"అమ్మా, దున్నపోతు లేదు," అంది ఎలిశిబా. "వడ్ల రాశి. రాళ్లు. పటేల్‌వి. అప్పుడు గూడ పటేల్‌వే."

మార్తమ్మ అతని వైపు తిరిగింది. తిడుతుందని సమ్రీన్ అనుకుంది. ఆమె అడిగింది వేరే.

"గా రాళ్లు ఇంక ఆడనే ఉన్నయా?"

"ఉన్నయమ్మా," అన్నాడు చంద్రకాంత్.

"ఇంకెవలన్న సైకిల్ మీద వస్తే? ముందు పోయి రాళ్లు తియ్యి. మిగిలింది పొద్దున నలుగురి ముందట మాట్లాడుదాం."

అతను తల ఊపాడు. నాలుగడుగులు వేసి, గోడకు ఆనించిన సైకిలు దగ్గర ఆగాడు. వీధి బల్బు వెలుతురులో అతని ముఖం బూడిద రంగులో ఉంది.

"బిడ్డా, ఒక్క మాట," అన్నాడు. "నువ్వు మంచిగ కొట్టినవ్. లేకుంటే నేను లేవకపోదును. నేను లేవకుంటే నువ్వు ఆగకపోదువు."

"ఏం కొట్టిన?"

"బెల్లు. దూరంకెల్లి ఆగకుండ కొట్టుకుంటనే వచ్చినవ్ గద. రెండు పొట్టివి, ఒకటి పొడుగు." అతను కట్ట వైపు చూశాడు. "గా దినం గూడ విన్న నేను. లేసి టార్చి ఏద్దామనుకున్న... చలి పెడ్తున్నదని లేవలే. గందుకే ఇయ్యాల లేసిన."

లోపల మార్తమ్మ ఊపిరి ఒక్కటే వినబడుతోంది.

ఎలిశిబా మెల్లగా సైకిలు దగ్గరికి వెళ్లింది. హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. బొటనవేలు అలవాటు ప్రకారం బెల్లు మీదికి పోయింది. గిన్నె లేదు. తుప్పు పట్టిన స్క్రూ, ఇనుప ముక్క, అంతే.

హ్యాండిల్ అంతా మంచులా చల్లగా ఉంది.

ఆ ముక్క ఒక్కటే వెచ్చగా ఉంది... అంతవరకూ దాని మీద ఎవరిదో వేలు ఉన్నట్టు.